ఇంతకీ ‘ఓకే’కి పూర్తి రూపం ఏంటి? మా అమ్మాయి మాత్రం ‘కె’ అని ఒక్కక్షరం పంపింది

గోదారిగట్టు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చిన్న సందేహం, దాంతోపాటు కాస్త కడుపుమంట. మా అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం. నిన్న వాట్సాప్‌లో దానికి నాలుగు పేరాలు రాశాను. ఆవకాయ జాడీ బస్సుకి వేశానని, డిక్కీలో కాకుండా డ్రైవరు వెనకాల పెట్టించానని, నూనె కారితే పాత తువ్వాలు చుట్టమని, తెల్లారి ఐదున్నరకల్లా వెళ్లి దింపుకోమని. జవాబు ‘కె’ అని వచ్చింది. ఇంగ్లీషు అక్షరం, అదీ ఒక్కటే. పక్కన ‘ఓ’ పెట్టడం కూడా దండగనుకున్నట్టుంది.

మా ఆవిడేమో ‘ఓకే అనేగా దాని అర్థం, ఇంకేం కావాలి మీకు’ అంటుంది. సరే, ఆ ఓకే కథేంటో తేల్చుకుందామని వెతికితే బంధువుల గ్రూపులో ఒక ఫార్వర్డ్ దొరికింది. అమెరికా అంతర్యుద్ధంలో ఏ రోజైనా ఒక్క సైనికుడూ చావకపోతే శిబిరం ముందు సున్నా, దాని పక్కన కె రాసి బోర్డు పెట్టేవారట. ‘జీరో కిల్డ్’ అని. ఆ సున్నాయే జనం నోట్లో ‘ఓ’ అయిందట. నిజమేనా?

సిద్దిపేట సిన్నోడు | 9:20

అన్నా, నాకు గూడ వచ్చింది ఆ ఫార్వర్డు. నాకొచ్చిన దాంట్ల రెండో ప్రపంచ యుద్ధం అని ఉండె. యుద్ధం మారింది గని సున్న మారలే.

పాతకాగితం | 9:47

గోదారిగట్టు గారూ, సున్నా కథ ఉత్తదే. అంతర్యుద్ధం 1861 నుంచి 1865 దాకా జరిగింది. ఓకే అంతకు 22 ఏళ్ల ముందే అచ్చులో ఉంది. 1839 మార్చి 23, బోస్టన్ మార్నింగ్ పోస్ట్, రెండో పేజీ.

అసలు కథ వింటే మీ కడుపుమంట ఇంకా పెరుగుతుంది. 1838 వేసవి నుంచి బోస్టన్ పత్రికల వాళ్లకి ఒక పిచ్చి పట్టుకుంది. మాటల్ని పొడి అక్షరాల్లోకి కుదించడం. ఉత్తినే కుదిస్తే మజా ఏముంది? ముందు స్పెల్లింగు చెడగొట్టి, ఆ చెడిన దాన్ని కుదించేవాళ్లు. ‘ఆల్ రైట్’ని ‘ఓల్’ అని మొదలుపెట్టి, ‘రైట్’కి ముందొక అక్కర్లేని డబ్ల్యు తగిలించి ‘ఓ.డబ్ల్యు.’ అన్నారు. కుదరదు అనడానికి ‘నో గో’ ఉంది కదా, అందులో ‘నో’ని కె తో మొదలయ్యే ‘తెలుసు’ అర్థం ఉన్న ‘నో’గా మార్చి ‘కె.జి.’ అన్నారు. ‘నో యూజ్’ ఇదే పద్ధతిలో ‘కె.వై.’ అయింది. ‘ఆల్ కరెక్ట్’ కూడా ‘ఓల్ కొరెక్ట్’ అయి ‘ఓ.కె.’గా కుదిరింది. అంతా సరిగ్గా ఉంది అని చెప్పే మాటలో రెండే అక్షరాలు, రెండూ తప్పే. జోకంతా అక్కడే ఉంది.

ఆ రోజు అది పడిన వార్త కూడా అంతంతమాత్రమే. ‘యాంటీ బెల్ రింగింగ్ సొసైటీ’ అని ఒక సరదా బృందం. వాళ్లు న్యూయార్క్ ప్రయాణమైతే, తిరిగొచ్చే దారిలో ప్రావిడెన్స్ ఊరి ఎడిటరు వాళ్లకి మర్యాదలు చేయాలని, సీసాల కార్కులు ఎగరాలని ఒక ఎత్తిపొడుపు రాశారు. మధ్యలో ‘ఓ.కె.’ పడేసి, పాఠకులకి అర్థం కాదేమోనని పక్కనే ‘ఆల్ కరెక్ట్’ అని విప్పి చెప్పారు. పత్రిక ఎడిటరు చార్లెస్ గోర్డన్ గ్రీన్. ఇదంతా పాత పేపర్ల కట్టల్లోంచి తవ్వి తీసినాయన కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు ఆలన్ వాకర్ రీడ్. 1963, 64 సంవత్సరాల్లో ‘అమెరికన్ స్పీచ్’ అనే పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు.

మన భాషలో చెప్పాలంటే ‘అంతా బాగుంది’ని ఎవడో ఆకతాయి ‘హంతా బాగుంది’ అని రాసి, దాన్ని ‘హ.బా.’ అని కుదించి, అది ప్రపంచమంతా పాకినట్టు.

సిద్దిపేట సిన్నోడు | 9:52

హ.బా. సార్. మరి ఆ కె.జి., కె.వై. అన్నీ సచ్చినయి గద. ఇదొక్కటే ఎట్ల బతికె?

పాతకాగితం | 10:05

ఎన్నికల పుణ్యం. 1840లో అమెరికా అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మళ్లీ పోటీ చేశాడు. ఆయన పుట్టిన ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అభిమానులు ఆయన్ని ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలిచేవారు. పొడి అక్షరాలు ఓ, కె. ఏడాది క్రితం జోకు ఎలాగూ గాల్లో ఉంది, పేరు కలిసొచ్చింది, న్యూయార్క్‌లో ‘ఓకే క్లబ్బు’లు పెట్టేశారు. అవతలి పార్టీ ఊరుకుంటుందా? వాన్ బ్యూరెన్‌కి ముందు పదవిలో ఉన్న ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగు రాదని, కాగితాల మీద ‘ఆల్ కరెక్ట్’ని తప్పుగా రాసి ఓకే అని సంతకం పెట్టేవాడని ప్రచారం లేపారు. అది కట్టుకథే. కానీ రెండు పక్షాలూ తిట్టుకోవడానికి ఒకే మాట వాడితే ఆ మాటకి చావుంటుందా? వాన్ బ్యూరెన్ మాత్రం ఆ ఎన్నికలో విలియం హెన్రీ హారిసన్ చేతిలో ఓడిపోయాడు.

ఆ జాక్సన్ కథని కొందరు ఇప్పటికీ నిజమనే చెబుతుంటారు.

కడపకారం | 10:31

నేను ఒప్పుకోను సామీ. మా చిన్నాయన ఓడల్లో పనిచేసినాడు. గ్రీకు కళాసీలు ‘ఓలా కలా’ అంటారంట, అంటే అంతా బాగుంది అని. ఓ, క. ఇంతకంటే రుజువు ఏం గావల్ల? గ్రీకు వాళ్లు వేల ఏండ్ల నుంచి ఓడలు నడుపుతా ఉండారు. బోస్టన్‌లో ఎవడో తాగి రాసిన జోకు నుంచి పుట్టినాదంటే నమ్మేదెట్ల?

పాతకాగితం | 10:44

కడపకారం గారూ, ఓలా కలా అనే మాట గ్రీకులో నిజంగానే ఉంది. అది ఓడ దిగి బోస్టన్ పేపర్లోకి ఎక్కిందనడానికే ఆధారం లేదు. పోలిక చూస్తే చాలనుకుంటే చాలామంది బంధువులు పుట్టుకొస్తారు. స్కాట్లండ్ వాళ్లు ‘ఓక్ ఐ’ మాదంటారు. హైతీలో ‘ఓ కే’ అని పలికే రేవు ఉంది, అక్కడి రమ్ము పేరుమీద వచ్చిందని ఇంకొందరంటారు. పశ్చిమ ఆఫ్రికా వొలోఫ్ భాషలో ‘వా కే’ ఉంది.

వీటన్నిటిలో చాలాకాలం పెద్దరికం వెలగబెట్టింది అమెరికా ఆదివాసులు చోక్టా వాళ్ల మాట ‘ఓకే’. అవును, అంతే అని అర్థం. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ దాన్నే నమ్మి, కాగితాల మీద ఆమోదం రాసేటప్పుడు చివర హెచ్ పెట్టి చోక్టా పద్ధతిలో రాసేవాడు. రీడ్ వ్యాసాల తర్వాత ఆ వాదం వెనక్కి తగ్గింది. మీకో కాకతాళీయం చెప్తాను. ఓక్లహోమా రాష్ట్రానికి పోస్టాఫీసు పొడి అక్షరాలు ఓ, కె. ఆ రాష్ట్రం పేరు మాత్రం నిస్సందేహంగా చోక్టా మాటే. ‘ఓక్లా’ అంటే జనం, ‘హొమ్మా’ అంటే ఎరుపు.

కడపకారం | 10:49

సరే, మా చిన్నాయనకి చెప్తా. ఆయన ఒప్పుకోడు.

డాలస్ అత్తయ్య | 10:58

మీకక్కడ రాత్రి, మాకు మధ్యాహ్నం. పుట్టుక సంగతి నాకు తెలీదు గానీ దీని వాడకంతో నేను పడిన పాట్లు వినండి. వచ్చిన కొత్తలో పక్కింటావిడ వచ్చింది. ‘కాఫీ?’ అన్నాను. ‘ఐ యామ్ ఓకే’ అంది, చక్కగా నవ్వి. ఓకే అంది కదా అని ఫిల్టర్ డికాషన్ దింపి, పాలు మరగబెట్టి, గ్లాసులో నురగొచ్చేలా తిరగబోసి ఇచ్చాను. ఆవిడ మొహమాటంగా మొత్తం తాగేసింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. పాపం ఆవిడకి కాఫీ పడదట. ‘ఐ యామ్ ఓకే’ అంటే ‘నాకేం వద్దులెండి’ అని అర్థమని మా కోడలు చెప్పేదాకా నాకు తెలీదు.

టీచరమ్మ | 11:15

అత్తయ్య గారి అనుభవం మా క్లాసుకి పాఠంగా పెట్టుకోవచ్చు. ఓకే నామవాచకం, విశేషణం, క్రియ, అన్నీ అవుతుంది. పై అధికారి ఓకే ఇచ్చాడు అంటే అనుమతి. క్రియగా భూతకాలంలో రాయాలంటే రెండు పెద్దక్షరాల తర్వాత అపాస్ట్రఫీ, డి. పరీక్ష పేపర్లలో రెండక్షరాల ఓకే రాయాలా, నాలుగక్షరాలది రాయాలా అని పిల్లలు అడుగుతుంటారు. రెండూ సరైనవే, మొదట ఒకటి రాసి చివర ఇంకోటి రాయకండి అంటాను. చుక్కలు పెట్టే అలవాటు ఇప్పుడు బాగా తగ్గింది.

అసలు చిక్కు స్పెల్లింగు దగ్గర లేదు, మెచ్చుకోలు దగ్గర ఉంది. పుట్టినప్పుడు ‘అంతా సరిగ్గా ఉంది’ కదా? ఇప్పుడు ‘సినిమా ఎలా ఉంది’ అంటే ‘ఓకే’ అన్నారంటే దాని అర్థం ఏమిటి? టికెట్ డబ్బులు దండగ అనలేక అన్న మాట. ‘ఫర్వాలేదు’ మనకి ఇలాగే పనిచేస్తుంది. పర్వా పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, లెక్క, చింత అని. దానికి మన ‘లేదు’ అతికించుకున్నాం. దెబ్బ తగిలిన పిల్లాడు ‘ఫర్వాలేదు’ అంటే ధైర్యం. కూర రుచి చూసి ‘ఫర్వాలేదు’ అంటే వంట చేసినావిడ మొహం చూడాలి.

సిద్దిపేట సిన్నోడు | 11:22

మా ఇంట్ల కూర గురించి ఓకే అన్న రోజు నాకు రాత్రికి పచ్చి పులుసే.

పాతకాగితం | 11:36

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. మా దగ్గర ఓకే అంటే చట్టం. గ్యాలీ, అంటే ప్రూఫు కాగితం మీద ఎర్ర సిరాతో ఓకే రాసి చుట్టూ గీత గీస్తే ఇక మెషీను ఎక్కాల్సిందే. ఒకసారి శుభలేఖ. ‘సకుటుంబ సపరివారంగా విచ్చేసి’ ఉండాలి. ‘సకుటుంబ సపరిహారంగా’ అని వచ్చింది. నేను ఓకే రాశాను. 500 కార్డులు. పెళ్లికొడుకు తండ్రి వచ్చి కార్డు బల్ల మీద పెట్టి, వేలు ఆ మాట మీద ఉంచి, ఏమీ అనకుండా నిలబడ్డాడు. నేను రాసిన ఓకే కూడా బోస్టన్ వాళ్ల ఓకే లాంటిదే అయింది, ఆల్ కరెక్ట్ అన్న చోటే తప్పు.

కడపకారం | 11:40

ఎంత పరిహారం ఇచ్చిరి?

పాతకాగితం | 11:41

500 కార్డులు మళ్లీ.

బగ్గుబాబాయి | ఆదివారం ఉదయం 7:50

రాత్రి నిద్రపోయి మంచి చర్చ పోగొట్టుకున్నాను. కంప్యూటర్లో ఓకే బటన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1983లో ఆపిల్ వాళ్ల లీసా కంప్యూటర్ వచ్చింది. తయారీలో ఉండగా ఆ బటన్ మీద ‘డూ ఇట్’ అని ఉండేదట, చేసెయ్ అని. మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షిస్తే కొందరు ఆ చోటికొచ్చి ఆగిపోయేవారు. ఒకాయన కాస్త కోపంగా కూడా ఉన్నాడు. సంగతేమంటే రెండు మాటల మధ్య జాగా సరిగ్గా కనబడక, పెద్ద ఐ చిన్న ఎల్ లాగా కనబడి, దాన్ని ‘డోల్ట్’ అని చదివారు. డోల్ట్ అంటే మొద్దు. నన్ను మొద్దు అంటుందేంటి ఈ మెషీను అని ఆయన బాధ. దాంతో తీసేసి ఓకే పెట్టారు.

తెలుగులోకి ఇవన్నీ మార్చే పని నేను కొన్నాళ్లు చేశాను. ఓకేకి ‘సరే’, క్యాన్సిల్‌కి ‘రద్దు చేయి’. ఇప్పుడు మీ ఫోన్ తెలుగులో పెట్టుకుంటే కనబడేది ఇదే. ‘సేవ్ చేయాలా?’ ‘సరే.’ బాగానే ఉంది. కానీ ‘మీ ఫైలు పాడైపోయింది, తెరవడం కుదరదు’ అని ఒక కబురు వస్తుంది, కింద ఒకే ఒక్క బటన్, ‘సరే’. ఏం సరే? నేనెప్పుడు ఒప్పుకున్నాను? ఇంగ్లీషు ఓకే ఆ చోట విన్నాను అని మాత్రమే అంటుంది. మన సరే అలా కాదు, ఒప్పుకుంటుంది, తలూపుతుంది. నన్నడిగితే ఆ బటన్ మీద ‘ఊఁ’ అని ఉండాలి. కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు చూడండి, ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నట్టు. నేను అడిగాను కూడా. మీటింగులో అందరూ నవ్వారు. ‘సరే’ ఓకే అయిపోయింది.

టీచరమ్మ | 8:24

బగ్గుబాబాయి గారూ, ‘ఊఁ’ బటన్ ఉన్న ఫోను వస్తే నేను కొంటాను. మన సరే ఆ ఓకే కంటే గట్టి పునాది మీద ఉంది. ‘సరి’ అంటే సమానం, తూకం కుదిరింది అని. సరిసంఖ్య, సరిజోడు రెండిట్లోనూ ఆ సరే ఉంది. దానికి చివర ఏత్వం. తమిళులూ, కన్నడిగులూ, మలయాళీలూ అందరూ కాస్త అటూ ఇటూగా ఇదే మాట వాడతారు. పైగా మనకి ఎన్ని మెట్లు ఉన్నాయి! సరే అంటే ఒప్పుకోలు. సర్లే అంటే విసుగు. సరేలే అంటే కాస్త జాలి. సరే సరే అంటే ఇక ఆపు. ‘అలాగేనండి’ అంటే పెద్దల మాట శిరసావహించడం. ‘ఓకే అండి’ అన్నామంటే ఈ మెట్లన్నీ చదును చేసేసినట్టే.

సిద్దిపేట సిన్నోడు | 8:31

టీచరమ్మా, చదును కాలే. ‘ఓకే తియ్’ అని మా దోస్తు అంటడు సూడు, దాంట్ల ‘సర్లే’ల ఉన్నంత కోపం ఉంటది. పెండ్లి సంబంధం ఓకే అయింది, లోను ఓకే అయింది, పొలం బేరం ఓకే జేసిండు అంటం. ఇంగ్లీషోనికి రాని వాడకం మనకొచ్చె. మనమే దానికి మెట్లు గట్టినం.

ఇంకోటి. ఫోన్ల తెలుగుల ‘ఓకే’ కొడితే ‘ఒకే’ అని దిద్దుతది. మా బామ్మర్దికి కిరాణం ఉంది. ఒకాయన ‘రెండు బస్తాల బియ్యం పంపాలె, ఓకేనా’ అని మా బామ్మర్ది పంపిన మెసేజికి ‘ఒకే’ అని పెట్టిండు. వీడు ఒకే బస్త పంపిండు. దావత్ నాడు పదకొండు గొట్టంగ మళ్ల ఆటో దొరకక సైకిల్ మీద మోసిండు ఇంకో బస్త.

ఉప్పుగాలి | 9:06

నేనూ ఒకటి వేస్తాను. అండమాన్ హేవ్‌లాక్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు కదా, అక్కడ స్కూబా డైవింగుకి దిగాను. ఒడ్డు మీద చెప్పారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే ఓకే. బొటనవేలు పైకి ఎత్తితే ‘పైకి పోదాం’. తలూపాను, ఓకే అన్నాను. నీళ్లలో పది అడుగులు దిగామో లేదో పసుపు చారల చేపలు గుంపుగా మొహం ముందునుంచి పోతున్నాయి. అబ్బా అనిపించింది. ట్రైనర్ సున్నా చుట్టి చూపించి కళ్లతోనే అడిగాడు, ఓకేనా అని. నేను ఉత్సాహంగా బొటనవేలు ఎత్తాను. వెంటనే జాకెట్టు పట్టుకుని పైకి లాక్కొచ్చేశాడు. ఏమైంది సార్ అన్నాడు. ఏం చెప్పను? ఆ సున్నా వేళ్ల గుర్తు బ్రెజిల్‌లో బూతు అని ఆయనే చెప్పాడు తర్వాత.

గోదారిగట్టు | 10:20

అందరికీ ధన్యవాదాలు. జీరో కిల్డ్ ఫార్వర్డ్ పెట్టినాయనకి 1839 తేదీ పంపాను. ఆయన ‘ఓకే’ అని పెట్టి, పది నిమిషాలకి అదే ఫార్వర్డ్ ఇంకో గ్రూపులో వేశాడు.

కానీ నా అసలు బాధ అలాగే ఉంది. ‘ఓల్ కొరెక్ట్’ కుదించి ఓకే చేశారు. దాన్నీ కుదించి మా అమ్మాయి కె చేసింది. అంటే ఇప్పుడు నాకు వచ్చింది ‘కొరెక్ట్’ ఒక్కటే. ‘ఓల్’ లేదు. నాలుగు పేరాల్లో దానికి ఏది కొరెక్ట్ అనిపించినట్టు?

తంతితాత | 11:02

నాయనా గోదారిగట్టూ, రాత్రి నుంచి చదువుతున్నాను, ఇప్పటికి టైపు చేసే ఓపిక వచ్చింది. నేను తారాఫీసులో 1974లో చేరాను. 2013 జూలైలో టెలిగ్రామ్‌లు ఆపేసిన రాత్రి టీవీలో చూసి అన్నం తినలేదు. పాతకాగితం గారు చెప్పని ముక్క ఒకటుంది. అమెరికాలో ఓకేని ఊరూరా మోసిందీ మా తంతి వాళ్లే. అవతల కబురు సరిగ్గా అందిందని ఇవతలకి చెప్పడానికి రెండక్షరాలు చాలు కదా.

ఇక నీ ‘కె’. మా తంతి భాష మోర్స్‌లో కె అంటే ఒక గీత, ఒక చుక్క, మళ్లీ ఒక గీత. డా డిట్ డా. నాకిప్పటికీ ఫ్యాను చప్పుడులో కూడా వినబడుతుంది. అది ఉత్త అక్షరం కాదయ్యా. కబురు చివర కె కొట్టామంటే ‘నాది అయింది, ఇక నువ్వు చెప్పు, వింటున్నాను’ అని. అవతలివాడు కె కొట్టి ఊరుకున్నాడంటే కీ మీద చెయ్యి తీసి చెవి ఒగ్గి కూర్చున్నాడని. మీ అమ్మాయికి మోర్స్ రాదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా నలభై ఏళ్ల పాటు కె వినబడితే నేను చేసింది ఒకటే, మిగతా కబురు పంపడం. నువ్వూ పంపు.

గోదారిగట్టు | మధ్యాహ్నం 1:40

తాతగారూ, మీరు చెప్పినట్టే ఇంకో రెండు పేరాలు పంపాను. జాడీ మూతకి కట్టిన గుడ్డ విప్పేటప్పుడు తడి చెయ్యి తగలనివ్వొద్దని, పై నూనె వంపేయొద్దని, మాగాయ వచ్చేవారం వేస్తానని. చివర మీ గీత, చుక్క, గీత కూడా పెట్టాను.

వెంటనే ఫోన్ చేసింది. ‘నాన్నా, ఆ గీతలేంటి, ఒంట్లో బాగానే ఉందా, అమ్మకివ్వు ఫోను’ అని. నలభై నిమిషాలు మాట్లాడింది. జాడీ అందిందట. ఐదున్నరకి చీకట్లో బస్టాండులో నిలబడి ఒంటి చేత్తో టైపు చేసిందట ఆ కె. రెండో చేతిలో జాడీ ఉందట, నూనె కారుతూ.

సిద్దిపేట సిన్నోడు | 1:44

హ.బా.

కడపకారం | 2:15

మా చిన్నాయన ఒప్పుకోలేదు. ఇంతకీ ఆ ఆవకాయ ఎల్లిపాయలు ఏసిందా, ఏయనిదా?